నిలువ చెప్పే కొలత: తెలుగు లెక్కల్లో మిశ్రమ భిన్నాల తీసివేత

ప్రస్తావన

పూర్ణాంకం, భిన్నం కలిసి ఉన్న సంఖ్యను నేటి పాఠ్యపుస్తకాలు ‘మిశ్రమ భిన్నం’ అంటున్నాయి. రెండుంబావు, మూడున్నర, అయిదూ ముప్పావు అనేవి అటువంటివి. బడిలో ఇది గణితానికి చెందిన ఒక చిన్న అధ్యాయం. ధాన్యం కొలిచే కళ్లంలో, బెల్లం తూచే అంగడిలో, శిస్తు రాసే కచేరీలో మాత్రం శతాబ్దాల పాటు ప్రతి లెక్కా మిశ్రమ భిన్నాల లెక్కే. ఉన్నదానిలోనుంచి ఇచ్చినది పోగా మిగిలినది ఎంత అనే ప్రశ్న లేకుండా ఏ పద్దూ ముగియదు. జమ, ఖర్చు, నిలువ అనే మూడు మాటల మధ్య జరిగేది మిశ్రమ భిన్నాల వ్యవకలనమే.

తెలుగు కొలతల గురించి నిఘంటువులు, గ్రామ చరిత్రలు, శాసన పరిష్కరణలు విలువైన సమాచారం ఇచ్చాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం ఒక్కొక్క కొలత పేరునూ విడిగా వివరించాయి. పుట్టి అంటే ఎంత, తూము అంటే ఎంత అన్నది వాటి ప్రశ్న. ఆ కొలతలతో లెక్క ఎలా నడిచింది, ముఖ్యంగా తీసివేత ఎలా జరిగింది అన్న ప్రశ్నకు తగినంత చోటు దక్కలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నను మూడు ఆధారాల నుంచి పరిశీలిస్తుంది: భాషలోని భిన్నవాచకాలు, గణితశాస్త్ర సంప్రదాయం, వాడుకలోని కొలమానాల అమరిక. పాత పద్దులలోని తీసివేత కేవలం ఒక గణిత ప్రక్రియ కాదనీ, ఆ పద్దు రాసిన ప్రాంతపు కొలతల పట్టికను బయటపెట్టగల చారిత్రక సాక్ష్యమనీ ఇక్కడి ప్రతిపాదన.

మాటలో ముడిపడిన భిన్నం

తెలుగులో మిశ్రమ భిన్నానికి ప్రత్యేకమైన వ్యాకరణం ఉంది. ‘రెండున్నర’, ‘రెండుంబావు’ అనే రూపాలలో పూర్ణాంకమూ భిన్నమూ రెండు మాటలుగా నిలవవు. సంధి వాటిని ఒకే పదం చేస్తుంది. ‘రెండు మరియు ఒకటి బై నాలుగు’ అని విడదీసి చదవడం బడి నేర్పిన అలవాటు. వ్యవహర్తకు రెండుంబావు అనేది రెండు ముక్కలు కలిపిన సంఖ్య కాదు, ఒకే పరిమాణానికి ఒకే పేరు.

దీనికి భిన్నమైన మరొక పద్ధతి కూడా వాడుకలో ఉంది. ‘పావు తక్కువ మూడు’ అనడంలో పరిమాణాన్ని కింది పూర్ణాంకం నుంచి కాక పై పూర్ణాంకం నుంచి చెబుతున్నారు. రెండూ ముప్పావు, పావు తక్కువ మూడు ఒకే విలువకు రెండు పేర్లు. మొదటిది కూడిక రూపంలో ఉంటే, రెండవది తీసివేత రూపంలో ఉంది. గడియారం చూసి ‘పావు తక్కువ ఎనిమిది’ అనే ప్రతి తెలుగువాడూ తెలియకుండానే పూర్ణాంకం నుంచి భిన్నాన్ని తీసివేస్తున్నాడు.

భిన్నాల పేర్లు కూడా లెక్క నడిచే తీరును సూచిస్తాయి. పావు సంస్కృత పాద శబ్దం నుంచి వచ్చింది. ‘కాలు’ అనే దేశ్య పదానికీ నాల్గవ భాగమనే అర్థం ఉంది. రెండు చోట్లా నాలుగు కాళ్ల జంతువే ఉపమానం. పావులో నాల్గవ వంతు వీసం, అంటే పదహారవ వంతు. వీసంలో నాల్గవ వంతు కాని, అంటే అరవై నాల్గవ వంతు. రూపాయిని ప్రమాణంగా తీసుకుంటే పావు భాగం పావలా, వీసం భాగం అణా, కాని భాగం ఏగాణి. ఒకటి, పావు, వీసం, కాని అనే ఈ దిగువ మెట్లలో ప్రతి మెట్టూ పై మెట్టులో నాల్గవ వంతు. దశాంశ పద్ధతి పదులతో దిగినట్టుగా తెలుగు భిన్నం నాలుగులతో దిగింది. ‘వీసమెత్తు సిగ్గు లేదు’ అనే నానుడిలో నేటికీ వినిపించేది ఆ మెట్లలో ఒకటి.

కలాసవర్ణం: శాస్త్రం చూపిన దారి

భిన్నాల లెక్కకు తెలుగులో శాస్త్రరూపం కల్పించిన తొలి గ్రంథం పావులూరి మల్లన సారసంగ్రహ గణితం. దీనికి పావులూరి గణితమనే పేరు ప్రసిద్ధం. మల్లన కాలం విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నా, 11, 12 శతాబ్దుల పరిధిలోనే ఆ చర్చ సాగింది. ఈ గ్రంథానికి మూలం రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహం. మల్లన దానిని తెలుగు పద్యాలలోకి తెస్తూ మూలంలోని జైన ప్రస్తావనల స్థానంలో శైవ ప్రస్తావనలు నిలిపాడు. తెలుగులో శాస్త్రగ్రంథ రచన ఇంత తొలినాళ్లలోనే గణితంతో మొదలు కావడం సాహిత్య చరిత్రకారులు గుర్తించిన విశేషమే.

మహావీరుని గ్రంథంలో మిశ్రమ భిన్నాల తీసివేతను వెతికేవారు ఒక పొరపాటుకు లోనయ్యే అవకాశం ఉంది. అక్కడ పరికర్మలలో చివరిది ‘వ్యుత్కలితం’. ఆ పేరు చూడగానే అది సాధారణ తీసివేత అనిపిస్తుంది. కాని మహావీరుడు ఆ పదాన్ని శ్రేఢిలోనుంచి కొంత భాగాన్ని తీసివేయడం అనే అర్థంలో వాడాడు. మామూలు కూడిక, తీసివేతలను తెలిసినవిగానే భావించి వాటికి ప్రత్యేక పరికర్మ కల్పించలేదు. కాబట్టి ఇక్కడి విషయాన్ని వ్యుత్కలితంలో కాక కలాసవర్ణ వ్యవహారంలోని ‘జాతుల’లో వెతకాలి.

కలాసవర్ణం అంటే వేర్వేరు ఛేదాలు గల భాగాలను ఒకే వర్ణానికి, అంటే ఒకే ఛేదానికి తేవడం. ఇందులోని జాతులలో భాగానుబంధం, భాగాపవాహం అనే రెండు ఈ చర్చకు ముఖ్యమైనవి. పూర్ణాంకానికి భాగం అంటుకొని ఉంటే భాగానుబంధం. పూర్ణాంకం నుంచి భాగం తొలగి ఉంటే భాగాపవాహం. మొదటిదానిలో పూర్ణాంకాన్ని ఛేదంతో గుణించి అంశను కలపాలి, రెండవదానిలో గుణించి అంశను తీసివేయాలి. రెండుంబావును తొమ్మిది పావులుగా మార్చడం అనుబంధం. పావు తక్కువ మూడును పన్నెండు పావులలోనుంచి ఒకటి తీసి పదకొండు పావులుగా మార్చడం అపవాహం.

తెలుగు వాడుకలోని రెండు రకాల పేర్లకూ, శాస్త్రంలోని రెండు జాతులకూ ఉన్న పొంతన స్పష్టమే. ‘రెండుంబావు’ అనే సంధిరూపం అనుబంధం, ‘పావు తక్కువ మూడు’ అనే పదబంధం అపవాహం. వాడుక నుంచి శాస్త్రం తీసుకున్నదా, శాస్త్రం నుంచి వాడుకకు వచ్చినదా అన్న విచారణ ఇక్కడ అవసరం లేదు. భాగానుబంధ భాగాపవాహాలు తర్వాతి కాలపు భాస్కరాచార్యుని లీలావతిలోనూ కనిపించే సర్వభారతీయ పరిభాష. సంస్కృత గణితం చెప్పిన భేదాన్ని అందుకోవడానికి తెలుగు పాఠకుడు కొత్తగా ఏదీ ఊహించుకోవలసిన అవసరం లేకపోయింది. అతని మాటలో అది అప్పటికే ఉంది. మల్లన గ్రంథానికి దక్కిన ప్రచారంలో ఇటువంటి సామ్యాలకు ఎంత పాత్ర ఉన్నదో ఆలోచించదగిన విషయం.

మహావీరుడు ఛేదాల సమీకరణకు ‘నిరుద్ధం’ అనే భావనను కూడా చెప్పాడు. నేటి బడి భాషలో అది కనిష్ఠ సామాన్య గుణిజం. అంటే తీసివేతకు శాస్త్రం చూపిన దారి ఇది: రెండు సంఖ్యలనూ చిన్న భాగాలలోకి దించి, ఒకే ఛేదానికి తెచ్చి, ఒక అంశలోనుంచి మరొక అంశను తీయడం. నేటికీ పాఠ్యపుస్తకాలలో ఉన్న దారి ఇదే. కళ్లంలోని మనిషి మాత్రం చాలా సందర్భాలలో ఈ దారిన నడవలేదు. నడవవలసిన అవసరం అతనికి రాలేదు. అందుకు కారణం కొలతల అమరికలో ఉంది.

నాలుగు మెట్ల అంకెలు, నాలుగు మెట్ల పాత్రలు

తెలుగు లిపిలో భిన్నాలకు ప్రత్యేకమైన అంకెలుండేవి. పూర్ణాంకం పక్కన నిలువు గీతలతో పావులను, వాటి పక్కన అడ్డ గీతలతో వీసాలను రాసేవారు. ౹ అంటే పావు, ౺ అంటే అర, ౻ అంటే ముప్పావు. ౼ ౽ ౾ అనేవి వరుసగా ఒకటి, రెండు, మూడు వీసాలు. ఆ తర్వాతి మెట్టుకు మళ్లీ నిలువు గీతలు, దాని తర్వాత మళ్లీ అడ్డ గీతలు. ఈ విధంగా గీత దిశ మారుతూ స్థానవిలువను సూచిస్తుంది. ఇది నాలుగు ఆధారంగా గల స్థానవిలువ పద్ధతి. ఈ చిహ్నాలు 2008లో విడుదలైన యూనికోడ్ 5.1లో తెలుగు విభాగంలో చేరాయి. వాటి పక్కనే తూము గుర్తు ౿ కూడా చోటు చేసుకుంది.

భిన్నాంకెల పక్కన తూము గుర్తు ఉండడం అర్థవంతంగానే ఉంది. విస్తృతంగా వాడుకలో ఉన్న ఒక పట్టిక ప్రకారం నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఇందులో సగం మెట్లయిన తవ్వను, అడ్డను పక్కన పెడితే మిగిలే వరుస తూము, కుంచం, మానిక, సోల, గిద్ద. ప్రతిదీ పైదానిలో నాల్గవ వంతు. తూములో పావు కుంచం, తూములో వీసం మానిక, తూములో కాని సోల. అంకెల మెట్లూ పాత్రల మెట్లూ ఒకటే.

దీనివల్ల తీసివేత స్వరూపం మారిపోతుంది. ౪౹౽ తూములలోనుంచి ౧౻౾ తూములు తీయాలనుకుందాం. నేటి రాతలో ఇది నాలుగూ ఆరు పదహారవ వంతుల నుంచి ఒకటీ పదిహేను పదహారవ వంతులను తీసివేయడం. పాత రాతలో నాలుగు తూముల ఒక కుంచం రెండు మానికల నుంచి తూము మూడు కుంచాల మూడు మానికలు తీయడం. రెండు మానికలలోనుంచి మూడు పోవు. ఉన్న ఒక్క కుంచాన్ని నాలుగు మానికలు చేస్తే ఆరు మానికలు, అందులో మూడు పోగా మూడు. కుంచాలు మిగలలేదు. ఒక తూమును నాలుగు కుంచాలు చేసి మూడు తీస్తే ఒకటి. మూడు తూములలో ఒకటి పోగా రెండు. నిలువ ౨౹౾, అంటే రెండు తూముల కుంచం మూడు మానికలు.

ఇక్కడ ఛేదాల సమీకరణ లేదు, కనిష్ఠ సామాన్య గుణిజం లేదు. ఛేదాలు అప్పటికే పాత్రల రూపంలో సమానమై ఉన్నాయి. బడిలో ‘అప్పు తెచ్చుకోవడం’ అని నేర్పే ప్రక్రియ ఇక్కడ అప్పు కాదు. పెద్ద కొలతను విడగొట్టి చిల్లర చేయడం. కుంచెడు గింజలను మానికతో తిరిగి కొలవడం కంటికి కనిపించే పని. సూత్రం తెలియనివారికి కూడా ఇది సాధ్యమే.

బడిలో నాలుగుల లెక్క

ఈ పద్ధతి వ్యవహారంలోనే కాక వీధిబడులలో క్రమబద్ధంగా నేర్పిన విద్య అనడానికి బలమైన సాక్ష్యం ఉంది. బళ్లారి కలెక్టరు, తెలుగు వ్యాకరణ రచయిత ఎ.డి. కాంప్‌బెల్ తన జిల్లాలోని బడుల గురించి 1823లో మద్రాసు ప్రభుత్వ రెవెన్యూ బోర్డుకు నివేదిక సమర్పించాడు. తెలుగు, కన్నడ భాషలు రెండూ నడిచిన జిల్లా అది. పిల్లలు డబ్బు కూడికలు, తీసివేతలు, గుణకారం, డబ్బునూ కొలతలనూ ఒక మానం నుంచి మరొక మానానికి మార్చడం నేర్చుకునేవారని అందులో ఉంది. భిన్నాల బోధనకు ప్రత్యేక శ్రద్ధ చూపేవారనీ, ఆ భిన్నాలు ఇంగ్లండు దశాంశాలవలె పదులతో కాక నాలుగులతో దిగుతాయనీ, చాలా దూరం వరకు సాగుతాయనీ అతడు గమనించాడు. కొల, తూనిక, విస్తీర్ణం అనే మూడు రకాల కొలతల పట్టికలనూ భిన్నాలనూ పిల్లలు రోజుకు రెండు సార్లు వరుసలలో నిలబడి వల్లించేవారని కూడా రాశాడు.

ఈ నివేదికలోని సమాచారాన్ని విద్యాచరిత్రకారులు బడుల సంఖ్య, విద్యార్థుల కులాలు, పాఠ్యగ్రంథాల పేర్ల కోసం ఎక్కువగా వాడుకున్నారు. భిన్నాల గురించిన వాక్యాలకు సాహిత్య పరిశోధనలోనూ ప్రాధాన్యం ఉంది. లిపిలోని భిన్నాంకెలు, భాషలోని భిన్నవాచకాలు, కొలపాత్రల అమరిక ఒకే నాలుగుల వరుసకు చెందినవని పై భాగంలో గమనించాం. కాంప్‌బెల్ సాక్ష్యం వాటికి నాలుగో ఆధారంగా బడిని జోడిస్తున్నది. వల్లెవేత అర్థం లేని శ్రమ అనే విమర్శ తర్వాతి కాలంలో బలపడింది. కాని వల్లించిన పట్టిక మనసులో లేనివాడు కుంచాన్ని విడగొట్టలేడు. నాటి తీసివేతకు ఆ పట్టికే పునాది.

గాదె, త్రాసు, పెట్టె

అన్ని కొలతలూ నాలుగులతోనే నడవలేదు. తూము నుంచి పుట్టికి వెళ్లేచోట ఇరవై వస్తుంది. అక్కడ భాష మరొక సదుపాయం కల్పించింది. అయిదు తూములు ఏదుము, పది తూములు పందుము. ఇరవైలో పావుకూ సగానికీ ప్రత్యేక పదాలు ఏర్పడ్డాయి. మూడు పుట్ల ఏదుము ధాన్యం ఉన్న గాదెలోనుంచి పుట్టి పందుము రెండు కుంచాలు ఖర్చయితే లెక్క ఇలా సాగుతుంది. తీయడానికి కుంచాలు లేవు కాబట్టి ఒక తూమును నాలుగు కుంచాలు చేసి రెండు తీస్తే రెండు. మిగిలిన నాలుగు తూములలో పది పోవు. ఒక పుట్టిని విడగొడితే ఇరవై నాలుగు, అందులో పది పోగా పద్నాలుగు. రెండు పుట్లలో ఒకటి పోగా ఒకటి. నిలువ పుట్టి పద్నాలుగు తూముల రెండు కుంచాలు. దీనినే నేటి భిన్నాలలో రాస్తే మూడుంబావులోనుంచి ఒకటీ ఇరవైయొకటి నలభయ్యవ వంతులు తీయాలి. నలభై ఛేదంగా గల ఆ భిన్నం పుట్టెడు ధాన్యం చూసిన రైతుకు ఎన్నడూ ఎదురుపడలేదు.

తూనికలో మద్రాసు ప్రాంతపు పట్టిక ప్రకారం మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక సేరు, అయిదు సేర్లు ఒక వీసె, ఎనిమిది వీసెలు ఒక మణుగు. వీసెకు నలభై పలాలు. పది పలాలు పదలం, అయిదు పలాలు ఏబలం, అంటే వీసెలో పావు, పావులో సగం. రెండుంబావు వీసెల బెల్లంలోనుంచి వీసె పదలం ఏబలం అమ్మితే మిగిలేది ముప్పై అయిదు పలాలు. అంగడిలో దానిని ‘ఏబలం తక్కువ వీసె’ అనడం సులువు. శాస్త్రపు భాగాపవాహం ఇక్కడ జవాబును చెప్పే రూపంగా పనికివస్తున్నది.

డబ్బు లెక్కలో మూడవ పద్ధతి ఒకటి కనిపిస్తుంది. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. అయిదు రూపాయల మూడణాల నుంచి రెండు రూపాయల ఏడణాల తొమ్మిది పైలు తీయాలంటే విడగొట్టి తీయవచ్చు. చిల్లర తిరిగి ఇచ్చేవాడు మాత్రం ఎదురు దారిలో లెక్కిస్తాడు. తొమ్మిది పైలకు మూడు పైలు చేరిస్తే ఎనిమిది అణాలు నిండుతాయి. మరో ఎనిమిది అణాలు చేరిస్తే మూడు రూపాయలు. ఆపైన రెండు రూపాయల మూడణాలు. చేర్చినవన్నీ కలిపితే రెండు రూపాయల పదకొండణాల మూడు పైలు. ఇది తీసివేతను పూరణంగా మార్చడం. సవర్ణనం, విడగొట్టడం, పూరించడం అనే ఈ మూడింటిలో మొదటిది గ్రంథంలో, రెండవది కళ్లంలో, మూడవది అంగడిలో ఎక్కువగా పనికివచ్చాయి.

నిలువ ఆధారంగా పట్టిక

కొలతల పరిశోధనలో ప్రధానమైన చిక్కు వాటి ప్రాంతీయ భేదం. ఒకే పేరు గల కొలత ఊరు మారితే మారుతుంది. కైఫియత్తులలో, దండకవిలెలలో, శాసనాలలో పుట్టి, తూము, కుంచం అనే మాటలు కనిపించినప్పుడు వాటి మధ్య నిష్పత్తి ఆ చోట ఎంతో పరిశోధకుడు ఎలా తెలుసుకోవాలి? నిఘంటువులోని పట్టికను అన్ని ప్రాంతాలకూ అన్వయించడం సాధారణంగా జరుగుతున్న పని. దానికంటే నమ్మదగిన మార్గం పద్దులోనే ఉంది.

కూడికకూ తీసివేతకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కూడేటప్పుడు పట్టిక తెలియకపోయినా లెక్క సాగుతుంది. పుట్టి పద్దెనిమిది తూములకు పుట్టి పన్నెండు తూములు కలిపి ‘రెండు పుట్ల ముప్పై తూములు’ అని వదిలేయవచ్చు. రాత అందంగా లేకపోవచ్చు కాని విలువ తప్పు కాదు. తీసివేతలో ఆ వెసులుబాటు లేదు. పై కొలతను విడగొట్టవలసి వచ్చినప్పుడు అందులో కింది కొలతలు ఎన్ని ఉన్నాయో లేఖకుడు కచ్చితంగా తేల్చుకోవాలి. అందువల్ల అతడు రాసిన నిలువలో ఆ సంఖ్య దాగి ఉంటుంది.

ఉదాహరణకు ఒక పద్దును ఊహిద్దాం. జమ మూడు పుట్ల అయిదు తూములు, ఖర్చు పుట్టి పది తూములు, నిలువ పుట్టి పదిహేను తూములు. ఖర్చునూ నిలువనూ కలిపితే రెండు పుట్ల ఇరవై అయిదు తూములు. అది జమకు సమానం కావాలంటే ఒక పుట్టి ఇరవై తూములకు సమానం కావాలి. అదే జమ, అదే ఖర్చు ఉన్న పద్దులో నిలువ పుట్టి ఇరవై అయిదు తూములని ఉంటే, ఆ లేఖకుని పుట్టి ముప్పై తూములది. పట్టికను ఎక్కడా చెప్పకుండానే పద్దు దానిని వెల్లడిస్తున్నది.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. విడగొట్టే అవసరం రాని పద్దు ఏమీ చెప్పదు. మూడు పుట్ల పది తూములలోనుంచి పుట్టి అయిదు తూములు పోతే రెండు పుట్ల అయిదు తూములు మిగులుతాయి, పుట్టి ఎంతదైనా సరే. లేఖకుని పొరపాటు వల్ల తప్పుడు నిష్పత్తి రావచ్చు కాబట్టి ఒక్క పద్దును ఆధారం చేసుకోరాదు. ఒకే కవిలెలో కనీసం రెండు మూడు పద్దులు ఒకే సంఖ్యను చూపాలి. ఈ జాగ్రత్తలతో వాడినప్పుడు నిలువ నిఘంటువు కంటే దగ్గరి సాక్ష్యం అవుతుంది. నిఘంటువు భాషకు సాక్షి. పద్దు ఆ ఊరికి, ఆ సంవత్సరానికి సాక్షి.

ఇందుకు విరుద్ధంగా జరుగుతున్న పరిష్కరణ పద్ధతి ఒకటుంది. పాత పద్దులను ప్రచురించేటప్పుడు మిశ్రమ కొలతలను నేటి మానాలలోకి, దశాంశాలలోకి మార్చి ఇవ్వడం పాఠకునికి సౌకర్యంగా కనిపిస్తుంది. అయితే మూలపాఠం లేకుండా మార్పును మాత్రమే ఇస్తే, పరిష్కర్త ఎంచుకున్న పట్టిక మూలంలోని పట్టికను చెరిపివేస్తుంది. తర్వాతి పరిశోధకుడు నిలువను పరీక్షించే అవకాశం ఉండదు. భిన్నాంకెలను అనవసరమైన గీతలుగా భావించి వదిలివేసినా నష్టం ఇటువంటిదే. ఒక అడ్డ గీత పోతే తూముకు ఒక మానిక పోయినట్టు.

పది వచ్చిన తర్వాత

భారతదేశంలో 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు అమలులోకి వచ్చాయి. తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. ఆ తర్వాతి కొద్ది సంవత్సరాలలో మెట్రిక్ మానాలు దశలవారీగా అమలయ్యాయి. ఈ మార్పులో ఏ మాటలు నిలిచాయి, ఏవి పోయాయి అన్నది యాదృచ్ఛికం కాదు. నూరును నాలుగుతో ఒకసారి భాగిస్తే ఇరవై అయిదు. మరొకసారి భాగిస్తే ఆరుంబావు. మొదటి మెట్టు పూర్ణాంకం, రెండవ మెట్టు మిశ్రమ భిన్నం. రూపాయికి నూరు పైసలైనప్పుడు పావలా ఇరవై అయిదు పైసలుగా నిలిచింది. బేడ పన్నెండున్నర పైసలు, అణా ఆరుంబావు పైసలు అయ్యాయి. వాటికి సరిపోయే నాణెం లేదు. 25 పైసల నాణెం 2011 జూన్ 30తో చెలామణి నుంచి తొలగే వరకు పావలా చేతికి అందే వస్తువు. బేడ, అణా చాలా ముందే జ్ఞాపకాలయ్యాయి. కిలోకు వేయి గ్రాములు కాబట్టి పావుకిలో, అరకిలో, ముప్పావుకిలో నేటికీ ఉన్నాయి, కిలోలో వీసం మాత్రం లేదు. తెలంగాణలో ‘చారాణా కోడికి బారాణా మసాలా’ అనే సామెతలో నాలుగు అణాలు, పన్నెండు అణాలు బతికి ఉన్నాయి. నాణెం పోయినా ఒకటికి మూడింతల నిష్పత్తిని వినేవారు పట్టుకోగలుగుతున్నారు.

‘పాతిక’ అనే మాట ప్రయాణం మరింత ఆసక్తికరమైనది. నాల్గవ వంతు అనే అర్థం గల ఈ మాట నూరులో నాల్గవ వంతు అనే అర్థంలో ఇరవై అయిదుకు పేరైంది. నూటపాతిక అంటే నూట ఇరవై అయిదు. ముప్పాతిక మాత్రం ముప్పావుగానే ఉంది. ఒకే కుటుంబంలోని రెండు మాటలలో ఒకటి సంఖ్యగా, ఒకటి భిన్నంగా స్థిరపడ్డాయి. పాత పాఠంలో పాతిక కనిపించినప్పుడు అది ఏ అర్థంలో ఉన్నదో నిర్ణయించడానికి పక్కనున్న కొలతను, వీలైతే నిలువను చూడక తప్పదు.

గుంటల దగ్గర ఆగిన లెక్క

పాత పద్ధతి పూర్తిగా గతించలేదు. భూమి కొలతలో అది నేటికీ ఉంది. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు, ఆంధ్రప్రదేశ్‌లో ఎకరానికి నూరు సెంట్లు. గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే రెండున్నర సెంట్లు. మూడు ఎకరాల పన్నెండు గుంటలను 3.12 అని చుక్క పెట్టి రాసే అలవాటు తెలంగాణ భూమి లెక్కలలో ఉంది. ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఎకరాలనూ గుంటలనూ వేరు చేసే గుర్తు మాత్రమే. దానిని దశాంశంగా చదివితే పన్నెండు గుంటలు పన్నెండు సెంట్లు అవుతాయి. నిజానికి అవి ముప్పై సెంట్లు. తేడా పద్దెనిమిది సెంట్లు, అంటే సుమారు 871 చదరపు గజాలు.

మూడు ఎకరాల పన్నెండు గుంటల నుంచి ఎకరం ఇరవై ఏడు గుంటలు అమ్మితే మిగిలేది ఎకరం ఇరవై అయిదు గుంటలు. గణనయంత్రంలో 3.12 నుంచి 1.27 తీస్తే 1.85 వస్తుంది. ఎకరానికి నలభై గుంటలే కాబట్టి ఎనభై అయిదు గుంటలు అసంభవం, తప్పు వెంటనే బయటపడుతుంది. ఎకరాన్ని విడగొట్టవలసిన ప్రతి తీసివేతలోనూ యంత్రం నలభైకి బదులు నూరు చేరుస్తుంది కాబట్టి, గుంటల స్థానంలో వచ్చే సంఖ్య సరైనదానికంటే ఎప్పుడూ అరవై ఎక్కువ. అది అరవైకి తగ్గదు కనుక దాగదు. కూడికలో ఈ రక్షణ లేదు. ముప్పై అయిదు, ముప్పై ఆరు, ముప్పై తొమ్మిది గుంటల మూడు చెక్కలను 0.35, 0.36, 0.39గా కూడితే 1.10 వస్తుంది. ఎకరం పది గుంటలని చదివేవారికి అందులో అనుమానించవలసినది ఏదీ కనిపించదు. నిజమైన మొత్తం రెండు ఎకరాల ముప్పై గుంటలు. ఎకరంన్నర భూమి కాగితం మీద మాయమైంది.

పాత పద్దులో పరిశోధకునికి పట్టికను చూపిన గుణమే ఇక్కడ రైతుకు తప్పును చూపుతున్నది. తీసివేత కొలతల మధ్య సంబంధాన్ని బయటపెడుతుంది; కూడిక దానిని కప్పివేయగలదు. కాబట్టి భూమి మొత్తాన్ని సరిచూసుకోవాలనుకునేవారు ఒక్కొక్క చెక్కనూ మొత్తం నుంచి తీసుకుంటూ రావడం మేలు. జమ, ఖర్చు, నిలువ అనే పాత క్రమంలో ఈ జాగ్రత్త ఇమిడి ఉంది.

ఉపసంహారం

తెలుగులో మిశ్రమ భిన్నాల తీసివేతకు మూడు దారులు కనిపిస్తాయి. కలాసవర్ణం ద్వారా సమానఛేదానికి తేవడం శాస్త్రం చూపిన దారి. పెద్ద కొలతను చిన్న కొలతలుగా విడగొట్టడం కళ్లం చూపిన దారి. తక్కువైనదానిని పూరిస్తూ పోవడం అంగడి చూపిన దారి. భాషలోని ‘ంబావు’, ‘న్నర’ రూపాలూ ‘తక్కువ’ అనే పదబంధమూ భాగానుబంధ భాగాపవాహాలకు దేశీయమైన ప్రతిరూపాలు. లిపిలోని భిన్నాంకెలు, కొలపాత్రలు, బడిలోని పట్టికలు నాలుగుల వరుసలో ఒకదానికొకటి తోడ్పడ్డాయి.

పాత పద్దులను పరిష్కరించేవారు జమ, ఖర్చు, నిలువలను మూలంలో ఉన్నవి ఉన్నట్టుగా, భిన్నాంకెలతో సహా ప్రచురించడం దీనినుంచి తేలే మొదటి కర్తవ్యం. నేటి మానాలలోని విలువలు పక్కన ఉండవచ్చు, మూలం స్థానంలో ఉండరాదు. విడగొట్టవలసి వచ్చిన పద్దులను గుర్తించి, వాటి నిలువల నుంచి ప్రాంతాలవారీగా కొలతల పట్టికలను నిర్మించడం ఆ తర్వాత చేయవలసిన పని. కైఫియత్తులు, శాసనాలు, దేవాలయ కవిలెలు ఇందుకు అవసరమైన సామగ్రిని దాచి ఉంచాయి. లేఖకుడు తన ఊరి పుట్టి ఎన్ని తూములదో ఎవరికీ చెప్పవలసిన అవసరం లేదనుకున్నాడు. నిలువ తప్పకుండా రాశాడు కాబట్టి ఆ సంగతి ఈనాటికీ తెలుసుకోవచ్చు.